వేలిముద్రకు ముందు ఒక ప్రశ్న

సికింద్రాబాదు రైల్వే స్టేషనులో ఉచిత వైఫైని వాడుకొనదలచిన ప్రయాణికుడు తన ఫోను నంబరునిచ్చి, దానికి వచ్చిన ఓటీపీని నమోదు చేయవలెను. షరతులను చదువువారు అరుదు. బండికి వేళయినదని తొందరపడి, అంగీకారమను గడిపై వ్రేలు పెట్టుదురు. ఆ నంబరు ఎవరికి చేరును, ఎందులకు వినియోగపడును అను ప్రశ్న తోచదు.

ఈ పొరపాటు మన గ్రామములకు క్రొత్తది కాదు. షావుకారు వ్రాసిన నోటును చదువకయే వేలిముద్ర వేసి, భూమిని పోగొట్టుకొన్న కుటుంబములను పెద్దలెరుగుదురు. నేడు కాగితమునకు మారుగా యంత్రము వచ్చినది. రిజిస్ట్రేషను దస్తావేజులపై గల వేలిముద్రలనుండి రబ్బరు ముద్రలు చేసి, పరుల పేర సిమ్ కార్డులను తీసిన మోసము 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడినది. నంబరును మార్చుకొనవచ్చును, వ్రేలిని మార్చుకొనలేము.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడినవి. సమ్మతిని గూర్చిన నిబంధనలకు అప్పటినుండి 18 నెలల గడువీయబడినది. ఈ చట్టము ననుసరించి, ఏ సమాచారమును ఎందుకు కోరుచున్నారో ముందుగా తెలుపవలెను. ఆ నోటీసును తెలుగులో చదువుకొను వీలుండవలెను. సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై యుండవలెను. ఇచ్చినంత సులభముగా దానిని ఉపసంహరించుకొను అవకాశముండవలెను.

ప్రభుత్వ సహాయమునకై తీసుకొను కొన్ని వివరములకు వేరుగా సమ్మతి అక్కరలేదని ఈ చట్టమే చెప్పుచున్నది. అట్టి చోట పంచాయతీ బాధ్యత మరింత హెచ్చును. 2020లో ధరణి కొరకు తెలంగాణలో వ్యవసాయేతర ఆస్తుల వివరములను ఇంటింట సేకరించిరి. ఆధారు, కులము మున్నగునవి అడుగుటపై కొందరు హైకోర్టు నాశ్రయింపగా, ఆస్తి రిజిస్ట్రేషనుకు ఆధారును పట్టుబట్టరాదని ఆ డిసెంబరులో న్యాయస్థానము ఆదేశించినది. ప్రశ్నించినవారుండుటచేతనే ఇది సాధ్యమైనది.

కావున సభ్యులకు మేము మనవి చేయునది ఒక్కటే. మీ గ్రామములో ఎవరు వివరములడిగినను, వేలిముద్ర కోరినను, ఏమి తీసుకొనుచున్నారు, ఎందులకు, ఇవ్వనిచో ఏమగును అని ముందుగా అడుగుడు. వచ్చిన జవాబును గ్రామసభలో అందరికి అర్థమగునట్లు చదివి వినిపింపుడు. చదువురాని వృద్ధురాలు పింఛను కొరకు యంత్రముపై వ్రేలుంచునపుడు, తాను దేనికి ఒప్పుకొనుచున్నదో ఆమెకు చెప్పువారు ప్రక్కన ఒకరుండవలెను. ఆ ఒకరు మీరే కావలెను.