జాగిలానికి ముక్కు లేదా?

ముధోళ జాగిలానికి కన్నే గాని ముక్కు లేదని మా చంద్రబండలో ఒక మాట. మేమూ నమ్మాము. బాగల్కోట జిల్లా ముధోళ పేర వెలసిన ఈ పొడుగుమూతి కుక్క బయలులో కదిలే కుందేలును చూపుతోనే తరిమేది. కాని ఒకనాటి రాత్రి తప్పిపోయిన మేకపిల్లను మా కుక్క ఎదురుగాలికి మూతి ఎత్తి, పొదలో ఉన్నదని పసిగట్టినది. ముక్కు ఉన్నది; దానికి పని చెప్పినవారే లేరు!

నాటుకుక్కతో కలిసిన సంకరజాతి పిల్లలలో కొన్నింటికి వడి, వాసన రెండూ అబ్బుతాయి, అన్నింటికీ కాదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారం కుందేలు వేట నేరము. అంతమాత్రాన జాగిలాన్ని వీధిపాలు చేయవచ్చునా? 2016లో మన సైన్యము ముధోళ కుక్కలను మీరట్‌లో శిక్షణకు తీసుకొన్నది. మనమూ కూనగా ఉన్నప్పుడే దానికి వెదకడం నేర్పుదాము.