మనసులో మాట.. కెమెరాకి ఎలా?

సీరియళ్లకో, వెబ్ సిరీస్‌లకో రాయాలని ఉందా? అయితే మన గోదావరి దర్శకుడు వంశీ దారి చూడండి. తను రాసిన ‘మహల్లో కోకిల’ నవలనే ఆయన 1984లో ‘సితార’గా తీశారు.

సొంత నవలే కదా, ఈజీ అనుకుంటాం. చిక్కంతా అక్కడే! నవలలో ఒంటరితనాన్ని పేజీలకు పేజీలు రాయొచ్చు. ‘ఆమె కుమిలిపోయింది’ అన్న వాక్యాన్ని కెమెరా తీయలేదు. అది కనిపించాలి, లేదా వినిపించాలి. పాత మహల్లో గడప దాటని సితార మనసుని ‘వెన్నెల్లో గోదారి అందం’ పాట చెప్పేసింది. పాడిన ఎస్.జానకికి జాతీయ అవార్డు వచ్చింది. కత్తెర పట్టిన ఎడిటర్ అనిల్ మల్నాడ్‌కి కూడా!

మీరూ ప్రయత్నించండి. నచ్చిన నవలలో రెండు పేజీలు తీసుకోండి. ‘అనుకుంది’, ‘అనిపించింది’ అన్నవన్నీ కొట్టేయండి. కనిపించేది, వినిపించేది మాత్రమే ఉంచి ఒక పేజీ సీన్ రాయండి.

నా బ్లాగులోని కథ మీద ఇదే చేస్తే సగం ఎగిరిపోయింది. ప్రాణం ఉసూరుమంది. మిగిలింది చదివిన ఫ్రెండ్ మాత్రం, ‘ఇప్పుడు బొమ్మ కనబడుతోందిరా’ అన్నాడు.

స్క్రిప్ట్ పనికి వెళ్తే శాంపిల్ అడుగుతారు. ఆ పేజీ దాచుకోండి.