ట్రాఫిక్‌లో ఊపిరాడని జాగ్వార్

గంటకు 150 మైళ్ల వేగంతో దూసుకుపోగలదని పేరు తెచ్చుకున్న కారు, నగర కూడలిలో ఎర్రదీపం ముందు పది నిమిషాలు నిలిచేసరికి ఆవిరి కక్కుతుంది. బ్రిటన్‌కు చెందిన జాగ్వార్ ఈ-టైప్‌పై ఆరు దశాబ్దాలుగా వినవస్తున్న ఫిర్యాదు ఇది. 1961 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో తొలిసారిగా జనం కంటబడిన ఈ స్పోర్ట్స్ కారు అందానికి ముగ్ధులు కానివారు అరుదు. దాని రేడియేటరు ఫ్యానును మెచ్చుకున్నవారు అంతకంటే అరుదు.

2008లో జాగ్వార్, ల్యాండ్ రోవర్ సంస్థలను అమెరికాకు చెందిన ఫోర్డ్ కంపెనీ నుంచి 230 కోట్ల డాలర్లకు టాటా మోటార్స్ కొనుగోలు చేసింది. దాంతో ఆ కారు కీర్తి ఒక భారతీయ సంస్థ ఖాతాలోకి వచ్చింది. కీర్తితో పాటు పాత ఫిర్యాదూ వచ్చింది. టాటాల యాజమాన్యంలోని ఈ సంస్థ 2017లో, 1960ల నాటి ఈ-టైప్‌లను సేకరించి పూర్తిగా పునరుద్ధరించి అమ్మే పథకాన్ని ప్రకటించింది. ప్రారంభ ధర 2 లక్షల 85 వేల పౌన్లు. కారును ఎక్కడికక్కడ పాత రూపంలోనే నిలబెడతామంటూనే, కొనుగోలుదారు కోరితే చేసి ఇస్తామన్న కొద్దిపాటి మార్పులలో మెరుగైన బ్రేకులు, గేరు బాక్సులతో పాటు మెరుగైన శీతలీకరణను కూడా సంస్థ చేర్చింది. తయారీదారే స్వయంగా ఒప్పుకున్న లోపమన్నమాట.

అంత ధర పెట్టలేని యజమానులు తమ గ్యారేజీలలోనే ఫ్యాను మార్పించుకుంటున్నారు. పైకి అది నాలుగు బోల్టులు, రెండు తీగల పనిలా కనిపిస్తుంది. అయితే ఈ కారులోని ఎక్స్‌కే ఇంజనుకు దిమ్మె పోత ఇనుముది, తల అల్యూమినియంది. వేడి హద్దు దాటితే అల్యూమినియం తల వంగుతుంది, హెడ్ గాస్కెట్ కాలుతుంది, నీరు సిలిండర్లలోకి దిగుతుంది. పుట్టినప్పటి ఇంజను నంబరు చెక్కుచెదరకుండా ఉన్న కారుకే మార్కెట్‌లో పూర్తి విలువ గనుక, ఫ్యాను విషయంలో జరిగే పొరపాటు తిరిగి సంపాదించుకోలేని వస్తువునే బలి తీసుకోవచ్చు.

సన్నని ముక్కు, చిన్న మోటారు

లోపానికి మూలం అందంలోనే ఉంది. ఈ-టైప్ రూపశిల్పి మాల్కమ్ సేయర్ విమాన పరిశ్రమ నుంచి వచ్చినవాడు. గాలిని చీల్చుకుంటూ పోయే ఆకృతి కోసం ఆయన కారు ముందుభాగాన్ని పొడవుగా సాగదీసి, గాలి లోపలికి వెళ్లే నోటిని సన్నని కోడిగుడ్డు ఆకారానికి కుదించాడు. కారు పరుగెత్తుతున్నంతసేపు ఆ నోరు చాలు. గంటకు యాభై, అరవై కిలోమీటర్లు దాటితే ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది, ఫ్యానుతో పెద్దగా పని ఉండదు. జెనీవాలో ప్రయాణించి చూస్తామనేవారి తాకిడి ఎక్కువ కావడంతో, సంస్థ టెస్టు డ్రైవరు నార్మన్ డ్యూయిస్ మరో కారును కొవెంట్రీ నుంచి రాత్రికి రాత్రే నడుపుకుంటూ తీసుకువచ్చిన ఉదంతం ప్రసిద్ధం. మార్చి నెల చలి, ఖాళీ రోడ్లు, ఆగని వేగం. ఆ రాత్రి ఫ్యానుకు పని తగిలి ఉండకపోవచ్చు.

ఆనాటి చాలా కార్లలో ఫ్యాను ఇంజనుకు బెల్టుతో కట్టి ఉండేది. మన అంబాసిడరులోనూ అంతే. ఇంజను నెమ్మదిస్తే ఫ్యానూ నెమ్మదిస్తుంది. ఘాట్ రోడ్డు పక్కన బానెట్ ఎత్తి, డబ్బాతో నీళ్లు పట్టుకు నిలబడిన డ్రైవరు దృశ్యం ఒక తరం భారతీయులకు కొత్త కాదు. ఈ విషయంలో జాగ్వార్ ఒక అడుగు ముందే ఉంది. ఈ-టైప్‌కు మొదటి నుంచీ విద్యుత్ ఫ్యానే. నీటి వేడి సుమారు 80 డిగ్రీల సెంటీగ్రేడుకు చేరగానే దానంతటదే తిరుగుతుంది. ఆలోచన మంచిదే, కానీ 3.8 లీటర్ల ఇంజనుకు ఆ ఒంటి మోటారు బలం చాలలేదు.

తయారైన 72 వేల పైచిలుకు కార్లలో అధిక భాగం అమెరికా చేరాయి. అక్కడి వేసవి, అక్కడి ట్రాఫిక్ ఆ బలహీనతను బయటపెట్టాయి. 1968లో వచ్చిన రెండో శ్రేణి కారుకు జాగ్వార్ నోటిని వెడల్పు చేసి, ఒకటికి బదులు రెండు ఫ్యానులు అమర్చింది. అసలుతనం చెడుతుందంటూ ఫ్యాను మార్పును ఈసడించే ఛాందసులు ఒక సంగతి గుర్తించాలి. ఈ కారు ఫ్యానును మొట్టమొదట మార్చింది దాన్ని తయారుచేసిన కర్మాగారమే.

మండువేసవి లెక్క

పెట్రోలు మండగా పుట్టే శక్తిలో దాదాపు మూడో వంతు శీతలీకరణ నీటి ద్వారా బయటికి పోవాలి. రేడియేటరు ఎంత వేడిని వదిలించుకోగలదన్నది ప్రధానంగా నీటికీ బయటి గాలికీ ఉన్న ఉష్ణోగ్రతల వ్యత్యాసంపై ఆధారపడి ఉంటుంది. నీరు 90 డిగ్రీల వద్ద ఉన్నదనుకుంటే, 20 డిగ్రీల ఇంగ్లండు వేసవిలో ఆ తేడా 70 డిగ్రీలు. మే నెలలో నాగపూర్‌లోనో, రామగుండంలోనో గాలి 45 డిగ్రీలకు చేరితే మిగిలే తేడా 45 మాత్రమే. అంటే అదే రేడియేటరు, అదే ఫ్యాను, పనితనంలో మూడో వంతుకు పైగా హరించుకుపోయినట్లే. కొవెంట్రీలో అంతంతమాత్రంగా ఉన్న ఏర్పాటు ఇక్కడ ఏ గతి పడుతుందో ఊహించుకోవచ్చు. మన దేశంలో పాత కార్ల ర్యాలీలు ఎక్కువగా చలికాలంలోనే జరగడానికి ఆహ్లాదకరమైన ఎండ ఒక్కటే కారణం కాదు.

ఈ లోటును గాలితో పూడ్చాలంటే పెద్ద మోటారు పెడితే సరిపోతుందని తొందరపడేవారున్నారు. ఇక్కడ భౌతికశాస్త్రం అడ్డు తగులుతుంది. ఒకే ఫ్యానును రెట్టింపు వేగంతో తిప్పి రెట్టింపు గాలి లాగాలంటే దానికి కావలసిన శక్తి రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు. కనుక బలం పెంచేకంటే రెక్కల తీరు మెరుగుపరచడం, లాగిన గాలి వృథా కాకుండా చూడటం లాభసాటి. రేడియేటరుకూ ఫ్యానుకూ నడుమ ఉండే తొడుగు ఈ పనే చేస్తుంది. అది లేకపోతే ఫ్యాను తన ఎదుటనున్న గుండ్రని భాగం నుంచే గాలి లాగుతుంది, మూలలు వేడిగానే మిగులుతాయి. రేడియేటరు అంచుల చుట్టూ సందులుంటే బానెట్ కింద వేడెక్కిన గాలే మళ్లీ ముందుకు వచ్చి లోపలికి పోతుంది. ఆ సందులను రబ్బరు పట్టీలతో మూయడానికి అయ్యే ఖర్చు స్వల్పం. ఎందుకనో ఎక్కువమంది మరచిపోయేది ఈ పనినే.

ఫ్యానును రేడియేటరు వెనుక పెట్టి గాలిని లాగించడమే మేలైన పద్ధతి. ముందు పెట్టి నెట్టించే ఫ్యాను, కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలికి తానే అడ్డుపడుతుంది. ట్రాఫిక్‌లో గండం గట్టెక్కించి, హైవే మీద కొత్త గండం తెచ్చిపెడుతుంది. పాత సామాన్ల బజారులో దొరికే చిన్న కారు ఫ్యానును ప్లాస్టిక్ పట్టీలతో నేరుగా రేడియేటరు రేకులకు బిగించడం మన వర్క్‌షాపుల్లో కనిపించే చిట్కా. ఒక లీటరు లోపు ఇంజనుకు తయారైన ఆ ఫ్యాను ఈ ఇంజనుకు ఆనదు సరికదా, అదురుకు పట్టీలు ఒరిసి గొట్టాలకు చిల్లులు పడతాయి.

డైనమో చేతులెత్తేసే చోటు

అసలు చిక్కు గాలితో కాదు, కరెంటుతో. 1964కు ముందు వచ్చిన 3.8 లీటర్ల ఈ-టైప్‌లలో ఆల్టర్నేటరు లేదు, డైనమో ఉంది. పూర్తి వేగంలో అది ఇవ్వగలిగేది సుమారు 30 ఆంపియర్లు. ఇంజను నిలకడగా, నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అది ఇచ్చేది దాదాపు శూన్యం. ఆధునిక ఫ్యాను ఒక్కటే 10 నుంచి 20 ఆంపియర్ల వరకు తాగుతుంది. హెడ్‌లైట్లు మరో పది. అంటే రాత్రివేళ ట్రాఫిక్‌లో, ఫ్యాను ఎప్పుడు ఎక్కువగా అవసరమో సరిగ్గా అప్పుడే డైనమో చేతులెత్తేస్తుంది, భారమంతా బ్యాటరీ మీద పడుతుంది. ఇంజను చల్లగానే ఉంటుంది, ఆపిన కారు మాత్రం మళ్లీ స్టార్టు కాదు. అందుకే 3.8 కారుకు బలమైన ఫ్యాను పెట్టదలచినవారు ముందుగా ఆల్టర్నేటరు సంగతి ఆలోచించాలి. బయటి రూపం అచ్చంగా పాత డైనమోలా ఉండే ఆల్టర్నేటర్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. 1964లో వచ్చిన 4.2 లీటర్ల కారుకు ఆల్టర్నేటరు కర్మాగారం నుంచే ఉంది గనుక ఆ యజమానులకు ఈ బెడద తక్కువ.

మరో మెలిక. 3.8 కార్లలో బ్యాటరీ ధన ధ్రువాన్ని బాడీకి కలిపేవారు. నేటి కార్లలో బాడీకి కలిసేది రుణ ధ్రువం. ఈ సంగతి గమనించకుండా రంగులు చూసి తీగలు కలిపితే శాశ్వత అయస్కాంతపు మోటారు వెనక్కి తిరుగుతుంది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, గాలి మాత్రం ఎదురు దిశలో పోతుంది. ఎలక్ట్రానిక్ నియంత్రణ పెట్టెలైతే తిరగడం కాదు, కాలిపోతాయి.

పాత ఏర్పాటులో నీటి వేడిని పసిగట్టే స్విచ్ మీదుగానే ఫ్యాను కరెంటంతా ప్రవహిస్తుంది. కొత్త మోటారు మొదలయ్యే క్షణంలో లాగే కరెంటు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఆ తాకిడికి స్విచ్ ముల్లులు మాడిపోతాయి. స్విచ్ కేవలం రిలేకు ఆదేశం ఇచ్చేలా, బరువంతా రిలే మోసేలా, బ్యాటరీ నుంచి విడిగా లావుపాటి తీగ, దానికి తగిన ఫ్యూజు ఉండేలా మార్చడం తప్పనిసరి. సన్నని పాత తీగనే వాడితే దారిలో వోల్టేజీ పడిపోయి, ఖరీదైన ఫ్యాను కూడా నీరసంగా తిరుగుతుంది. అరవై ఏళ్ల నాటి తీగ వేడెక్కితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

రోగం ఒకటి, మందు ఒకటి

ఫ్యాను మార్చినా తగ్గని వేడికి తరచుగా కారణం వేరే ఉంటుంది. గుర్తుపట్టే దారి తేలిక. ట్రాఫిక్‌లో వేడెక్కి, రోడ్డెక్కి వేగం అందుకోగానే చల్లబడితే లోపం గాలిది, అంటే ఫ్యానుది. వేగంగా పోతున్నప్పుడే ముల్లు పైకి లేస్తుంటే ఎంత గొప్ప ఫ్యానూ పనికిరాదు. అప్పుడు చూడవలసినవి పూడిపోయిన రేడియేటరు, అరిగిన పంపు, తప్పిన ఇగ్నిషన్ టైమింగు. బోరు నీటిని ఏళ్ల తరబడి నేరుగా పోసిన ఇంజనులో సున్నం గట్టిగా పేరుకుపోయి ఉండటం మన ప్రాంతాల్లో సాధారణం. దాన్ని కడిగించి, శుద్ధజలం, కూలెంటు కలిపి నింపకుండా ఫ్యాను కొనడం డబ్బు తగలేయడమే.

ఎండల దేశంలో థర్మోస్టాట్ ఎందుకని మన మెకానిక్కులు దాన్ని పీకి అవతల పారేయడం పరిపాటి. ఈ ఇంజను విషయంలో అది తిరగబడుతుంది. ఎక్స్‌కే ఇంజనులో రేడియేటరును తప్పించి నీరు మళ్లీ ఇంజనులోకే పోయే అడ్డదారి ఒకటి ఉంది. ఇంజను వేడెక్కాక ఆ దారిని మూసేది థర్మోస్టాట్‌కు ఉండే తొడిమ వంటి భాగమే. థర్మోస్టాట్ తీసేసినా, తొడిమ లేని రకం పెట్టినా, మరిగే నీటిలో కొంత భాగం రేడియేటరు ముఖం చూడకుండానే తిరుగుతూ ఉంటుంది. చల్లబరచాలని చేసిన పనే వేడిని పెంచుతుంది.

తొలి కార్ల రేడియేటరు మూత ఒత్తిడి చదరపు అంగుళానికి 4 పౌన్లు మాత్రమే. ఒక్కో పౌను ఒత్తిడికి నీటి మరుగు స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీలు పెరుగుతుంది. పాత రేడియేటరు తట్టుకుంటుందా లేదా చూడకుండా బలమైన మూత బిగిస్తే అతుకులు విడిపోయే ప్రమాదం ఉంది.

నిబంధనలు ఏమంటున్నాయి

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ 2021 జూలైలో పాతకాలపు వాహనాల కోసం ప్రత్యేక రిజిస్ట్రేషన్ నిబంధనలు తీసుకువచ్చింది. 50 ఏళ్లు దాటి, వాణిజ్య ప్రయోజనాలకు వాడని వాహనాలకు వీఏ అక్షరాలతో కూడిన నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, గడువు 10 ఏళ్లు. వాహనం అసలు రూపంలోనే ఉండాలని, ఛాసిస్, బాడీ, ఇంజనులలో గణనీయమైన మార్పులు జరిగి ఉండకూడదని షరతు. ఈ-టైప్ తయారీ 1974లోనే ఆగింది గనుక వయసు సమస్య కాదు. బోల్టులతో బిగించి, బోల్టులతో విప్పగలిగే ఫ్యాను ఈ మూడింటిలో దేనినీ తాకదు. కాగా ఫ్యాను కోసం ముందు చట్రాన్ని కోసినా, బానెట్‌కు రంధ్రాలు పెట్టినా అది వేరే సంగతి.

పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టరు దృష్టి కూడా ఇదే. మార్పు బయటికి కొట్టొచ్చినట్లు కనిపించరాదు, ఎప్పుడైనా వెనక్కి తిప్పుకునేలా ఉండాలి, తీసిన ముఖ్యమైన అసలు భాగాలను కారుతో పాటే భద్రపరచాలి. పాత తొడుగులోనే ఇమిడిపోయే కొత్త మోటార్లను ఎక్కువమంది ఎంచుకుంటున్నది ఇందుకే. కొత్త తీగలను సైతం పాత తీగల కట్టను కోయకుండా పక్కనుంచి విడిగా లాగుతున్నారు. విప్పిన పాత మోటారును, రెక్కలను, స్విచ్‌ను నూనె రాసి, చీటీ కట్టి పెట్టెలో దాచడం జాగ్రత్తపరులైన యజమానుల అలవాటు. కారు అమ్మిన నాడు ఆ పెట్టె కూడా తాళంచెవులతో పాటే చేతులు మారుతుంది.