పిచ్చి బొంత

పిల్లలూ! పాత చీరలు పొరలుగా పరిచి బొంత కుట్టడం మీరు చూసే ఉంటారు. చలికి కప్పుకోవడానికి అంత హాయి అయినది మరొకటి లేదు. అయితే కప్పుకోవడానికి కాక, ముఖ్యంగా చూసి ఆనందించడానికే కుట్టిన బొంత ఒకటి ఉన్నది. దాన్ని అమెరికాలో "క్రేజీ క్విల్టు" అంటారు. అంటే పిచ్చి బొంత అన్నమాట!

1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో గొప్ప ప్రదర్శన జరిగింది. ఆ దేశం స్వతంత్రమై నూరేళ్ళు నిండిన సందర్భం అది. జపానువారు అక్కడ పెట్టిన వస్తువులు చూసి జనం ముచ్చటపడ్డారు. వాటి మీది బొమ్మల్లో కుడి ఎడమలు ఒకేలా ఉండవు. అయినా ఎంతో అందం! కొన్ని పింగాణీ పాత్రల పూత సన్నని నెర్రెలు విచ్చి ఉంటుంది. దాన్ని ఇంగ్లీషులో "క్రేజింగు" అంటారు. బొంతకు ఆ పేరు దీని నుంచే వచ్చిందని కొందరు చెబుతారు.

1880 తరవాత పదేళ్ళపాటు ఆ దేశపు ఆడవాళ్ళకు ఈ బొంతలంటే మహా మోజు. పెళ్ళిగౌను ముక్క, తండ్రిగారి నెక్‌టై, సభలో ఇచ్చిన రిబ్బను—ఇలా జ్ఞాపకం ఉన్న ప్రతి పీలికా అందులో చేరేది.

కుట్టే పద్ధతి ఇది. ముందు ఒక నూలుగుడ్డ పరుస్తారు. దాని మీద పట్టు, మఖమలు ముక్కలను ఏ ఆకారంలో ఉన్నవాటిని ఆ ఆకారంలోనే పేర్చి, అంచులు లోపలికి మడిచి టాకాలు వేస్తారు. లేసు కుట్టదలిస్తే దాని కొసలను పక్క ముక్క మడత కిందికి దూర్చాలి. అప్పుడు కొసలు పైకి కనిపించవు. రిబ్బను ఒక అంచున దారం ఎక్కించి లాగితే కుచ్చులు పడుతుంది. దాన్ని చుట్ట చుట్టి కుడితే గులాబీ! చివరకు ప్రతి అతుకు మీదా ఈకలాగానో, చేపముల్లులాగానో రంగుదారంతో కుట్టు వేస్తారు. సాలెగూడు, విసనకర్ర, గుడ్లగూబ బొమ్మలు కూడా కుట్టేవారు.

కాని ఒక చిక్కు వచ్చింది. పట్టుదారానికి సహజంగా జిగురు ఉంటుంది. దాన్ని ఉడికించి తీసేస్తే బరువు దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. పట్టును తూచి అమ్మేవారికి అది నష్టం కదా! అందుకని తగరం వంటి లోహాల లవణాలలో ముంచి బరువు ఎక్కించారు. కొత్తలో ఆ గుడ్డ దళసరిగా, గరగరలాడుతూ ఎంతో బాగుండేది. ఏళ్ళు గడిచాక ఆ లవణాలే దారాలను తెగగొట్టాయి.

ఈనాడు మ్యూజియాలలో ఉన్న కొన్ని పిచ్చి బొంతల మీద పట్టు ఎండుటాకులా చిట్లిపోయి ఉన్నది. చిట్లిన పట్టును మళ్ళీ గట్టిగా చేయడం ఎవరి తరమూ కాదు. సన్నని వలగుడ్డ కప్పి, ఎక్కువ వెలుతురు తగలకుండా కాపాడుతున్నారు. ఆ చిరుగుల్లోంచి అడుగున ఉన్న నూలుగుడ్డ తొంగిచూస్తుంది. చూశారా! ఇన్నాళ్ళూ బొంతను పట్టి ఉంచినది ఎవరి కంటా పడని ఆ గుడ్డే.

సెలవుల్లో మీరూ జానెడు పిచ్చి బొంత కుట్టండి. అమ్మను అడిగి నాలుగు పాత ముక్కలు తీసుకోండి. ఏ ముక్క ఎవరిదో చెప్పించుకోండి. ఒక మూల మీ పేరూ, సంవత్సరమూ దారంతో కుట్టండి. కాని అడుగుగుడ్డ మాత్రం గట్టిది చూసుకోండి సుమా!