దూది పూచే తుంగ

పిల్లలూ, చెరువుగట్టున తుంగకాడ తెంపి వేళ్ళమధ్య దొర్లించి చూచారా? గడ్డికాడలాగా దొర్లదు, మూడు పలకలు తగులుతాయి. చాలా తుంగలకు ఇదే గుర్తు.

ఈ తుంగకు ఉత్తరాన, మంచుసీమలో, ఒక చుట్టం ఉన్నది. అలాస్కా, కెనడా, స్కాండినేవియా, సైబీరియాల బురదనేలలలో పెరుగుతుంది. మంచు కరిగాక కాడ కొసన తెల్లని పింజతో నిలబడుతుంది. ఇంగ్లీషువారు దానిని ‘పత్తిగడ్డి’ అన్నారు. అది పత్తీ కాదు, గడ్డీ కాదు సుమా! పత్తిలో దూది గింజ పైతోలునుంచి పుడుతుంది. ఇందులో పువ్వు చుట్టూ ఉండే నూగే పొడుగై దూదిలా కనిపిస్తుంది. కాడ పైభాగాన మూడు పలకలూ ఉంటాయి. అందుకే శాస్త్రజ్ఞులు దానిని తుంగలలో చేర్చారు. 1753లో లిన్నేయస్ తన గ్రంథంలో ‘ఎరియోఫోరం’ అని వ్రాశాడు. అంటే ఉన్నిని మోసేది. కాడకు ఒకే పింజ ఉంటే ఒక జాతి, నాలుగైదు వేలాడితే మరొకటి.

దాని ఎండుటాకులు ఆ చల్లని నీటిలో సరిగా కుళ్ళవు. వేల ఏళ్ళుగా పేరుకొని ‘పీట్’ అనే నల్లమట్టి అవుతాయి. ఆ నేల వేడెక్కి ఎండితే, అందులోని కర్బనం బొగ్గుపులుసు వాయువై గాలిలో కలుస్తుంది. అప్పుడు భూమి మరింత వేడెక్కుతుంది. ఆ వేడి మన ఊరికీ తప్పదు.

ఎంత దూరాన ఉన్నా, చుట్టం చల్లగా ఉండాలి మరి!