నడికడలిలో కొలువు – గంటల లెక్క

జుహూ విమానాశ్రయమునుండి లేచి పడమటి కడలివైపు సాగిపోవు హెలికాప్టర్లను మన ముంబయి తెలుగు పిల్లలు చూచియే యుందురు. వానిలో కొన్ని ఒడ్డునకు సుమారు 160 కిలోమీటర్ల దూరముననున్న ముంబయి హై చమురు క్షేత్రమునకు పనివారిని కొనిపోవును. 1974లో ‘సాగర్ సమ్రాట్’ అను రిగ్గు అచ్చట చమురును కనుగొనెను. 1976లో ఉత్పత్తి ఆరంభమయ్యెను. పదునాలుగు దినములు పని, పదునాలుగు దినములు సెలవు, చేతినిండ జీతము అని ఆ కొలువును గూర్చి చెప్పుకొందురు. పై తరగతుల విద్యార్థులు మమ్ము జీతమెంత యని అడుగుచుందురే గాని గంటలెన్ని యని అడిగినవారు లేరు. కావున గంటలతోనే మొదలిడుదము.

రిగ్గనగా సముద్రగర్భమున బావి త్రవ్వు యంత్రములను మోయు కట్టడము. త్రవ్వకము ఒకసారి ఆరంభమైన పిమ్మట చీకటిపడినదని ఆపి ఇంటికి పోవుటకు వీలులేదు. అడుగునుండి తన్నుకొనివచ్చు వాయువును బరువైన బురదనీటితో అణచియుంచవలెను; దానిని ఎవరో ఒకరు అనుక్షణము కనిపెట్టియుండవలెను. మన తాతలు పనిచేసిన పరేలు, వర్లి మిల్లులలో దినమునకు మూడు షిఫ్టులుండెడివి. రిగ్గుమీద సాధారణముగా రెండే. మూడవ జట్టును ఉంచవలెనన్నచో వారికి పడక, భోజనము, హెలికాప్టరులో చోటు, ఆపద వేళ ప్రాణరక్షక నావలో చోటు, అన్నియు కల్పింపవలెను గదా! అందుచే ఒక్కొక్కరు 12 గంటలు పనిచేయుదురు. ఆదివారమును లేదు, పండుగయు లేదు.

ఇప్పుడు పలక తీయుడు. దినమునకు 12 గంటల చొప్పున 14 దినములకు 168 గంటలు. సంవత్సరమునకు ఇట్టి విడతలు 13. మొత్తము 2184 గంటలు. వారమునకు 40 గంటలు పనిచేయు గుమాస్తా ఒక్క సెలవైనను తీసికొనక 52 వారములు పనిచేసినను 2080 గంటలే యగును. అనగా సగము సంవత్సరము ఇంటనుండువాడు గుమాస్తాకన్న ఎక్కువ గంటలే పనిచేయుచున్నాడు. లోకులు సెలవనునది నిజమునకు ముందుగనే పనిచేసి సంపాదించుకొన్న విశ్రాంతి. నార్వే దేశమున రెండు వారములు పని, నాలుగు వారములు విశ్రాంతి అను పద్ధతి వాడుకలోనున్నది. ఆ లెక్కన సంవత్సరమునకు సుమారు 1456 గంటలే. సముద్రమొకటే, పని యొకటే, కాని గంటలలో ఇంత భేదము! దీనికి కారణము ప్రకృతి కాదు, మనుష్యులు చేసికొన్న ఒడంబడిక.

మరి మిగిలిన 12 గంటల మాట యేమి? పని ముగిసినవాడు ఇంటికి పోలేడు, బజారునకు పోలేడు. గంట మ్రోగినచో లేచి రావలెను. ఆ కాలము ఎవరిది? ఈ ప్రశ్న అమెరికా సుప్రీంకోర్టువరకు పోయెను. కాలిఫోర్నియా తీరమునకు ఆవల పనిచేసిన ఒక కార్మికుడు, తాను వేదికను విడిచిపోలేని గంటలకును కూలి యిప్పింపుమని కోరెను. రాష్ట్రచట్టము అతనికి అనుకూలముగా ఉండెను. కాని అచ్చట కేంద్రచట్టమే వర్తించునని 2019లో న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. ఒడ్డుమీద దొరకెడి హక్కు కొన్ని మైళ్లు నీటిలోనికి పోయినంతనే మారిపోయినది.

మరియొక వ్యాజ్యము ఇంకను వింతయైనది. రిగ్గుమీద పర్యవేక్షకుడుగా నున్న ఒకనికి దినమునకు 963 మొదలు 1341 డాలర్లవరకు ఇచ్చుచుండిరి. సంవత్సరమునకు రెండు లక్షల డాలర్లకు పైబడినది. అంత సంపాదించువానికి అదనపు గంటల కూలి యెందుకని యజమానుల వాదము. అతడు పనిలోనున్న వారములలో తరచుగా 84 గంటలు పనిచేసెడివాడు. దినకూలి యెంత పెద్దదైనను అది నెలజీతమువంటి స్థిరవేతనము కాదు, కనుక 40 గంటలు దాటిన కాలమునకు ఒకటిన్నర రెట్లు చెల్లింపవలసినదే యని 2023లో ఆ కోర్టు తీర్పు చెప్పెను. ఒప్పుకొననివారు ముగ్గురు న్యాయమూర్తులు. మా యెరుకలో జీతమునకును కూలికిని గల భేదమును ఇంత తేటగా చూపిన దృష్టాంతము వేరొకటి లేదు.

ఇంత దీర్ఘమైన షిఫ్టులలో మిక్కిలి అపాయకరమైన వేళ ఒకరు దిగి మరియొకరు ఎక్కు వేళ. బ్రిటనుకు చెంత ఉత్తర సముద్రమున పైపర్ ఆల్ఫా అను వేదికమీద 1988 జూలై 6న పగటి షిఫ్టువారు ఒక పంపునకు రక్షణకవాటమును మరమ్మతుకై ఊడదీసి, ఆ చోట తాత్కాలికముగా మూత బిగించిరి. ఆ సంగతి రాత్రి షిఫ్టువారికి సరిగా అందలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటిదానిని నడిపిరి. వాయువు వెలువడి అంటుకొనెను. 167 మంది మరణించిరి. పిమ్మట విచారణ జరిపిన కల్లెన్ ప్రభువు 1990లో ఇచ్చిన నివేదికయందు 106 సూచనలు చేసెను.

మన ముంబయి హైకి తిరిగి వత్తము. పదునాలుగు దినముల పద్ధతి స్థిరోద్యోగులను గూర్చి చెప్పెడి మాట. వారి ప్రక్కనే వెల్డింగు, రంగులు, వంట మొదలగు పనులకై గుత్తేదారులు కుదిర్చిన కూలీలు ఎందరో కలరు. 2021 మే నెలలో తౌక్తే తుపాను వచ్చినపుడు అట్టివారు నివసించుచుండిన పి-305 అను బార్జి లంగరులు తెగి కొట్టుకొనిపోయి మునిగెను. 70 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి పనికి పోవు మన యువకులు చేవ్రాలు చేయుటకు ముందు కాగితమున మూడు సంగతులు వెదకవలెను: ఎన్ని దినములకు ఒడ్డునకు చేర్చెదరు, ఒడ్డుననున్న దినములకు జీతము కలదా లేదా, వాతావరణము చెడి హెలికాప్టరు రానిచో ఆ అదనపు దినములను ఏ లెక్కలో వ్రాసెదరు.