వైరస్సు ప్రాణియా?

అమెరికాలోని ప్రిన్స్‌టన్ నగరమున, రాక్‌ఫెల్లర్ సంస్థవారి ప్రయోగశాలలో, 1935వ సంవత్సరమున వెండెల్ స్టాన్లీ అను రసాయన శాస్త్రజ్ఞుడు మొజాయిక్ తెగులు సోకిన పొగాకు ఆకులను రాసులకొలది నూరి రసము తీసి, దానిని పలుమారులు శుద్ధిచేసి, తుదకు సూదులవంటి సన్నని స్ఫటికములను రాబట్టెను. పటికవలె, కలకండవలె స్ఫటికములు కట్టిన పదార్థమది. సీసాలో పోసి మూత బిగించి బీరువాలో నుంచిన నుండును. తిండి యడుగదు, పెరుగదు, కదలదు. ఆ పొడినే నీట కలిపి పచ్చని పొగాకు ఆకుపై రుద్దగా, కొన్ని దినములలో మొక్క యంతటను మచ్చలు తేలి తెగులు వ్యాపించెను. బీరువాలోని పొడికి ప్రాణమున్నదా, లేదా? శాస్త్రజ్ఞులందరును అంగీకరించిన సమాధానము నేటికిని లేదు.

ఈ తెగులు పండితులను తికమక పెట్టుట అంతకు నలువదియేండ్లకు ముందే మొదలైనది. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ తెగులు రసమును పింగాణీ వడపోతగుండ పంపి చూచెను. బాక్టీరియాలను దాటనీయని వడపోత యది. అయినను వడిసిన రసము రోగమును కలిగించుచునే యుండెను. 1898లో హాలెండు దేశీయుడైన బైజెరింక్, ఇది క్రిమి కాదనియు, ప్రాణముగల ద్రవమనియు ధైర్యముగా ప్రకటించెను. ద్రవమనుట పొరపాటని తరువాత తేలినది. ప్రాణమన్న మాటమాత్రము వివాదముగా మిగిలినది. వైరస్సను పేరునకు లాటిను భాషలో విషమని యర్థము. మన విషశబ్దమును, ఆ లాటిను శబ్దమును ఒక్క మూలమునుండి పుట్టినవే యని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున విషాణువని పేరు పెట్టినవారు దూరపు చుట్టమును ఇంటికి పిలిచినట్లే యైనది.

స్టాన్లీ తన స్ఫటికములు కేవలము మాంసకృత్తులే యని తలచెను. మరుసటి యేడే ఇంగ్లండులో బాడెన్, పిరీ అనువారు వానియందు న్యూక్లియిక్ ఆమ్లము కూడ కలదని చూపిరి. అసలు గుట్టు ఆ కొద్దిపాటి ఆమ్లముననే యున్నది. పొగాకు వైరస్సు రేణువొక్కటి సుమారు 2,130 మాంసకృత్తు తునకలు మెలికగా పేర్చుకొనిన సన్నని కడ్డీ. దానిలోపల సుమారు 6,400 అక్షరముల ఆర్.ఎన్.ఏ. పోగు. 1955లో కాలిఫోర్నియాలో ఫ్రెంకెల్-కాన్రాట్, విలియమ్స్ అను శాస్త్రజ్ఞులు ఈ రెంటిని విడదీసి మరల కలిపిరి. రేణువులు తమంత తామే కూడుకొని, రోగమును కలిగించు శక్తిని తిరిగి పొందినవి. గడియారమును విప్పి బిగించిన మరల నడచును. పిచ్చుకను విప్పి బిగించువారెవరు?

అయినను తొందరపడరాదు. సంతానము కననిది ప్రాణి కాదన్నచో కంచరగాడిద ప్రాణి కాకపోవలెను. కదలక పెరుగక పడియున్నది ప్రాణి కాదన్నచో విత్తనము సంగతి యేమి? చైనాదేశమున ఎండిన చెరువు అడుగున దొరికిన, సుమారు 1,300 ఏండ్లనాటి తామరగింజ మొలకెత్తినది. కాని విత్తనమునకును వైరస్సు రేణువునకును ముఖ్యమైన భేదమొకటి కలదు. విత్తనమున నిద్రించునది దాని సొంత యింటి సామగ్రి. తడి తగిలిన ఆ సామగ్రియే మేల్కొని పని కుపక్రమించును. వైరస్సునకు పొయ్యియు లేదు, కుండయు లేదు. వంట పద్ధతి వ్రాసిన చీటి మాత్రమున్నది. పరుల యింట ప్రవేశించి, వారి పొయ్యిమీద, వారి బియ్యముతో తన వంట చేయించుకొనును.

ఇక రెండవ పక్షమువారి వాదమును వినవలెను. 1992లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరమున, నీటిని చల్లార్చు గోపురములోని అమీబాయందు దొరికిన సూక్ష్మజీవిని మొదట బాక్టీరియమనియే భావించిరి. 2003లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు అది వైరస్సని తేల్చి మిమివైరస్ అని పేరిడిరి. దాని జన్యులిపిలో సుమారు 12 లక్షల అక్షరములు కలవు. కొన్ని బాక్టీరియాలకే యంత లేదు. 2008లో, దాని జాతికి చెందిన మరియొక వైరస్సు పెరుగుదలను చెరచు చిన్న వైరస్సు కనుగొనబడినది. రోగము రాగల దానికి ప్రాణము లేదనుట యెట్లని కొందరు ప్రశ్నించిరి. ప్రశ్న చమత్కారముగా నున్నది గాని, చాలినంత రుజువు కాదు. అంతకంటె బలమైనది ఫ్రాన్సు పండితుడు పాట్రిక్ ఫోర్టెర్ వాదము. బయట నున్న రేణువును చూచి వైరస్సనుట పుప్పొడిని చూచి చెట్టనుట వంటిదనియు, వైరస్సు వశమైన జీవకణమే దాని అసలు శరీరమనియు ఆయన తలంపు. బీరువాలోని పొడిని నిర్జీవమనియు, ఆకులోని వ్యాపారమును జీవవ్యాపారమనియు నొప్పుకొనుటకు ఈ వాదము దారి చూపుచున్నది. ఇదియే సమంజసముగా తోచును.

పరీక్షలలో విద్యార్థులు వ్రాయు సమాధానము వేరు: వైరస్సు సజీవ నిర్జీవములకు నడుమ వారధి. కంఠస్థము చేయుటకు సులభమే, మార్కులును వచ్చును. కాని వారధి యనగానే, జడమునుండి జీవము పుట్టిన త్రోవలో వైరస్సు మొదటి మెట్టని పిల్లవాడు గ్రహించును. నేడు మన మెరిగిన వైరస్సులలో నొక్కటియు జీవకణము లేనిదే వృద్ధిపొందలేదు. ఇల్లు కట్టకముందే అద్దెకు దిగువాడుండునా?

ఈ చర్చ తరగతిగదికే పరిమితము కాదు. పెన్సిలిన్ బాక్టీరియము తన చుట్టును కట్టుకొను గోడను చెరచి దానిని చంపును. వైరస్సునకు అట్టి గోడయే లేదు, కావున జలుబునకు ఆ మందు వాడిన ఫలము లేదు. మశూచి లోకమునుండి తొలగినదని ప్రపంచ ఆరోగ్యసభ 1980లో ప్రకటించినది. ఆ వైరస్సు నిలువలు అమెరికాలోని అట్లాంటాలోను, రష్యాలోని కోల్ట్‌సోవోలోను భద్రపరుపబడి యున్నవి. నాశనము చేయవలెనా వలదా యను తర్జనభర్జన ఏండ్ల తరబడి సాగుచున్నది. ఈలోగా 2002లో న్యూయార్కు రాష్ట్రమున ఎకార్డ్ విమ్మర్ బృందమువారు, ప్రకటితమైన జన్యులిపిని ముందుంచుకొని, రసాయనద్రవ్యములతో పోలియో వైరస్సును నిర్మించిరి. ఎక్కించిన ఎలుకలకు పక్షవాతము వచ్చెను. మశూచి వైరస్సు జన్యులిపి యును అంతకు ముందే ప్రకటింపబడి యున్నది.